ఎడమకాలితో నేల ఊడ్చిన దయ్యం

సినిమాను మూడుసార్లు ఎనక్కి తిప్పిచ్చినవ్ అత్తా! ఒకటి గాదు, రెండు గాదు, మూడుసార్లు! అమ్మోరు ప్రత్యక్షమైన కాడ తిప్పిచ్చినవంటే దండం పెట్టుకుంటున్నవేమో అనుకుందును. దయ్యాలు తన్నులు తినే కాడ నీకేం పని?

లేదనకు. నిన్న పగటిపూట ఇదే ఇంట్ల, ఇదే సాప మీద కూసున్నవ్. వాడకట్టు ఆడోళ్లంత ఉన్నరు. కిటికీలకు దుప్పట్లు కట్టి సీకటి చేసుకున్నం. మొన్నటిదాక ఆ వీసీఆరు పేరు గూడ పలకరాని దానివి, "బిడ్డా సావిత్రీ, ఆ బటన్ నొక్కి ఇంకోసారి ఎనక్కి తియ్యే" అన్నవ్. ఎన్నడు నేర్సినవ్ బటన్ల సంగతి?

నూకలల్ల రాళ్లేరుకుంట కూసున్నవ్. ఏరు, ఏరు. గంట సంది సూస్తున్న, సాటలకెల్లి ఒక్క రాయి బయట పడలే.

నేనెందుకు మిల్లుకు పోలేదంటవా? కడుపునొప్పని కబురు పంపిన. కడుపునొప్పి లేదు, గాడిదగుడ్డు లేదు. నిన్ను ఒక్కదాన్ని ఇంట్ల ఇడిసిపెట్టి పోబుద్ధి గాలే. అంతే.

అసలు తప్పంత ఆ వీడియో షాపు హీరాలాల్‌ది. "మా అత్త ఎన్నడు ఏదీ అడగది, అమ్మోరి సినిమా సూడాలని ఉందన్నది, మంచి భక్తి కాసెట్ ఇయ్యి" అని మరీ మరీ జెప్పిన. టీవీ, వీసీఆరు రిక్షల ఏస్కొచ్చి దించి, కాసెట్ నా చేతిల పెట్టి, "అమ్మోరు ఉంది అక్కా, ఆఖర్ల వస్తది" అన్నడు. వచ్చింది! రెండున్నర గంటలు దయ్యాలు ఎగిరి దుంకినంక, ఐదు నిమిషాలు వచ్చి శూలం ఆడిచ్చి పోయింది.

ఏం సినిమా తల్లీ అది! గబ్బిలం ఎగిరితె దారం కనవడె. పుర్రె కండ్లల్ల ఎర్ర బలుపులు. రక్తమంటే కుంకుమ నీళ్లు. మాంత్రికుడు గుహల కూసొని మంత్రం సదివితె బొందలల్లకెల్లి సచ్చినోళ్లు లేస్తరు. హీరో వచ్చి కరాటే కొట్టి మళ్ల పండవెడ్తడు. ఆయన లేపుడు, ఈయన పండవెట్టుడు. ఒక దయ్యానికైతె చేతికి గడియారం ఉండె! పుష్పాబాయి సూసి "టైమెంతయిందో అడుగున్రే దాన్ని, బర్రెకు కుడితి పెట్టాలె" అంటె అందరం పడీ పడీ నవ్వినం.

అప్పుడు నువ్వు గూడ నవ్వినవ్. నాకు యాదికుంది. పండ్లు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని మంచిగ నవ్వినవ్.

ఆ తర్వాత వచ్చిన్రు ఆరుగురు. ముఖాలకు సున్నం, తెల్ల ధోతులు, ఉత్త కాళ్లు. రాళ్ల గుట్ట మీదికెల్లి ఉరికొస్తున్నరు. హీరో ఒక్కొక్కన్ని తన్నుతుండు. మొదటోడు ఎగిరి పడ్డడు. రెండోడు, మూడోడు పడ్డరు. నాలుగోడు తన్ను తిన్నడు గానీ ఎంటనే పడలే. ఆగిండు. ఎడమకాలుతోటి నేలను ఒక్కసారి ఇట్ల ఊడ్సిండు. ఊడ్సినంక పడ్డడు.

ఇల్లంత నవ్వే. మన సావిత్రైతె సాప మీద పొర్లాడింది. "నాయినమ్మా, ఈ దయ్యం సోకు సూడే, పక్క దులుపుకొని పంటుంది!" అన్నది. పదమూడేండ్ల పోరి, కండ్లల్ల నీళ్లొచ్చెటట్టు నవ్వింది.

నీ నవ్వు ఆగిపోయింది. ఎనక్కి తిప్పమన్నవ్.

ఏం, నేను సూడలేదనుకున్నవా? నేనే గాదు, పుష్పాబాయి సూసింది. మూడోసారి తిప్పిచ్చినప్పుడు ఆమె టీవీ దిక్కు సూడలే. నిన్ను సూసింది, నన్ను సూసింది. నేను టీవీ ఎనక వైరును సూసుకుంట కూసున్న. అయినా ఆమెకేం తెల్సు? ఈ వాడకొచ్చి నాలుగేండ్లు. నీ కొడుకు పోయి ఏడేండ్లాయె. ఆమె ఆయన్ని సూసిందా పెట్టిందా? కమలమ్మ సూసింది, నిజమే, పక్కింటామె గదా. గానీ ఆమెకు కండ్లల్ల పొరలొచ్చినయ్. దయ్యమేదో హీరో ఏదో నన్ను అడుక్కుంట సూసింది.

సావిత్రికి అప్పుడు ఆరేండ్లు, ఏం యాదికుంటది? ఇగ మిగిలింది నువ్వు, నేను.

అందుకే అడుగుతున్న అత్తా. పొద్దుగాల మూట ఎందుకు గట్టినవ్?

ఏ మూట అంటవా! నేను వాకిలి ఊడుస్తుంటె కిటికీలకెల్లి కనవడ్డది. సందుక పెట్టె అడుక్కెల్లి ఏందో తీసినవ్, పాత చీరల సుట్టినవ్, మూటగట్టి బియ్యం డబ్బ ఎనక పెట్టినవ్. అగో, ఇప్పుడు గూడ నీ కన్ను అటే పోతుంది. ఎటు వోతున్నవ్? సూర్యాపేటకా? నీ బిడ్డ రాజమ్మ కాడికా?

పో. పోయి జెప్పు. "నీ తమ్ముడు బతికే ఉన్నడే, ఈ లీలావతి మనల్నందర్నీ మోసం చేసింది" అని జెప్పు. వదినె ఊకుంటదా? మొగన్ని ఎంటవెట్టుకొని బస్సెక్కి వస్తది. పెద్దమనుషులను కూసోవెడ్తరు. నన్నూ నా బిడ్డనూ వాకిట్ల నిలవెడ్తరు. ఏడేండ్లు నీకు గంజి కాసి, నీ కాళ్లు పిసికి, నువ్వు పదిహేను రోజులు దవాఖానల ఉంటె నీ మంచం కింద పండుకున్న. అదంత పోతది. ఇంట్ల ఉండె అర్హత లేదంటరు. ఇగ నా బిడ్డను తీస్కొని నేనేడికి పోవాలె?

మోసం అనే మాట నేనెందుకన్ననా?

నోరు జారింది. రాత్రి నిద్ర లేదు. ఏదో అన్న.

నువ్వట్ల సూడకు. ఆయన గాదు అత్తా అది. ఎవడో ఏందో. మొఖం నిండ సున్నం గొట్టుకుంటె ఎవడైనా ఎవని లెక్కనైనా కనవడ్తడు. నీ కొడుకు సుధాకర్ సాగర్ కాలువల పోయిండు. కాలువ మెట్ల మీద చెప్పులు దొరికినయ్, తడిసిన అంగి దొరికింది. ఊరంత సూసింది గదా! నాట్లకు నీళ్లిడిసిన రోజులు, కాలువ ఒడ్డులొరుసుకొని పారుతుండె. ఈతగాళ్లు మూడు రోజులు ఎతికిన్రు. నీ అల్లుడు కాలువ ఎంబడి సైకిల్ మీద కోదాడ దాక పోయి, తూము తూము కాడ అడిగి వచ్చిండు. శవం దొరకలే. పంతులే జెప్పిండు గడ్డితోటి మనిషిని జెయ్యమని. చేసినం. ఆ అంగి తొడిగినం. నువ్వే తొడిగినవ్ నీ చేతులతోటి. అంగిల మొఖం పెట్టుకొని నువ్వు ఏడుస్తుంటె ముగ్గురు పట్టి లేపిన్రు నిన్ను. ఆ గడ్డి మనిషిని కాలవెట్టినం. నా గాజులు పగలగొట్టిన్రు. అన్నీ అయినయ్. అయినోన్ని సినిమాల ఎతుకుతవా?

కాలా?

కాలు సంగతి నాకు జెప్పకు. నాకు దెల్వదా? ఐదేండ్ల పోరగాడున్నప్పుడు పొలం కాడ గొంగడి మీద పంటె తేలు కుట్టింది, తెల్లారిందాక ఏడ్సిండు. అప్పటిసంది కూసునేముందు, పండేముందు ఎడమకాలుతోటి నేల ఊడుస్తడు. ఊడ్సెటోడు. మా పెండ్లిల గూడ, పీట మీద కూసోమంటె ముందుగాల పీట ఊడ్సిండు. మా అన్నలు నవ్విన్రు. నాకు సిగ్గేసింది. ఆ తర్వాత నాకు అదే అలవాటయింది, ఆయన ఊడ్సిన సప్పుడు ఇనవడితెనే నిద్ర పట్టేది.

ఏడేండ్ల సంది ఆ సప్పుడు లేదు.

ఆయనే అత్తా.

ఆయనే. నిన్న మొదటిసారి కాలు కదిలినప్పుడే నాకు తెలిసిపోయింది. నువ్వు తిప్పిచ్చిన మూడుసార్లు నేను వైరు దిక్కు ఎందుకు సూసిననో ఇప్పుడు అర్థమైందా?

సాట పక్కకు పెట్టు. ఇగ దాసి ఏం లాభం. ఇను.

ఆయన కాలువల పడలే. మద్రాసుకు పోయిండు.

ఆ పొద్దు అన్నం వండుదామని బియ్యం డబ్బల సెయ్యి పెడితె కాయితం దొరికింది. "నేను సినిమాలల్లకు పోతున్న. పేరొచ్చినంక వచ్చి నిన్నూ పిల్లనూ తీస్కపోత. అమ్మకు జెప్పకు, ఏడుస్తది." అంతే. కింద సంతకం గూడ పెట్టిండు, పెద్ద హీరో లెక్క. ఊర్ల నాటకంల రాజు యేషం ఏసినప్పటిసంది ఆయన మనసు మన ఇంట్ల లేదు, నీకు దెల్సు గదా. అద్దం ముందర నిలవడి ముక్కు సూసుకునుడే పని. ఎలుగు రాకముందే లేసి, నాటకానికి కొన్న బూట్లేసుకొని, మొదటి బస్సుకు పోయిండు. నన్ను లేపలే. ఒక్కమాట అడిగితె నేనేమన్న గొంతు పట్టుకుందునా?

కాయితం పొయ్యిల పెట్టిన. దాని మీదనే ఎసరు మసిలింది.

తర్వాత ఏం జెయ్యాల్నో తెల్వలే. ఉతికే బట్టలు బకెట్ల ఉంటె మూట గట్టుకొని కాలువకు పోయిన. నా చెప్పు తెగి ఉండె, ఆయన ఇడిసిపోయిన పాత చెప్పులు తొడుక్కున్న. పోయి మెట్ల మీద కూసున్న. మూటల చెయ్యి పెడితె ముందుగాల ఆయన అంగే చేతికొచ్చింది. దాన్ని రాయి మీద పెట్టి సూసుకుంట కూసున్న. ఉతకబుద్ధి గాలే. చెప్పులు ఇడిసి కట్ట మీదికెక్కి, తుమ్మచెట్టు సాటుకు పోయి ఏడ్సిన. అంతే అత్తా నేను చేసింది. ఒట్టు. ఏ పన్నాగం లేదు.

కమలమ్మ నీళ్లకొచ్చింది. అప్పుడామె కండ్లు మంచిగనే ఉండె. మెట్ల మీద అంగి సూసింది, చెప్పులు సూసింది, నన్ను సూసింది. "ఓ లీలావతీ, ఇవి సుధాకర్ చెప్పులు గావే? ఆయనేడే?" అన్నది.

నా నోట్ల రెండే ఉన్నయ్ అప్పుడు. ఒకటి, నన్ను ఇడిసిపెట్టి పోయిండు అనే మాట. ఇంకోటి ఏడుపు. ఏడుపే బయటికొచ్చింది.

ఆమె కేక ఏసింది. పొలాలల్లకెల్లి మనుషులు ఉరికొచ్చిన్రు. పడ్డడన్నరు. జారిండన్నరు. నేను అవుననలే అత్తా. కాదనలే గూడ. గడియ గడియకు అనుకున్న, ఇప్పుడు జెప్తె సరిపోతది, ఇప్పుడు జెప్తె సరిపోతది అని. ఈతగాడు ఒకడు నీళ్లల్ల దుంకిండు. దుంకినంక ఎట్ల జెప్పాలె?

అప్పుడే ఇంకోటి గూడ అనుకున్న. మొగడు ఇడిసిపెట్టినామె అంటె మా అన్నలు వచ్చి గుంజుకపోతరు. ఇంకోనికి ఇచ్చి చేస్తరు. పిల్లను ఈడ్నే ఇడిసిపెట్టమంటరు. మొగడు సచ్చినామె అంటె ఈ ఇంట్ల ఓ మూల నాకు ఉంటది, నా బిడ్డ నా పక్కన్నే ఉంటది. బొట్టు పోతది, గాజులు పోతయ్. పోతె పోనియ్ అనుకున్న. పేరొచ్చినంక వస్తనన్నడు గదా, వచ్చిన్నాడు ఊరోళ్లకు ఆయన్నే జవాబు జెప్పుకోనియ్ అనుకున్న. కోపం అత్తా. నా కడుపుల మంట నీకు తెల్వది. ఇయ్యాల నీ కండ్ల ముందర ఒప్పుకుంటున్న, కోపంతోటే సంపిన ఆయన్ని.

గానీ నిన్ను ఏడిపిచ్చిన సూడు, అది నన్ను ఈ ఏడేండ్లు తిన్నది. కొడుకు బతికుండంగ కన్నతల్లితోటి కర్మ చేపిచ్చిన. ఏమన్న అను నన్ను. కొట్టు. ఈ సాట తీస్కొని నెత్తిన కొట్టు.

ఏందీ?

సబ్బా? ఏ సబ్బు?

అంగికా... సబ్బు వాసన?

ఆగు అత్తా, జర మెల్లగ జెప్పు. ముందటి మాపు ఆ అంగి బకెట్ల నానబెట్టింది నువ్వా? సబ్బు రుద్ది మరీ నానబెట్టినవా? నానుతున్న అంగి తొడుక్కొని ఎవడన్న కాలువకు పోతడా అంటవ్... నిజమే. నాకు ఆ సోయే లేదు. ఊరోళ్లంత కాలువ నీళ్లకు తడిసిందనుకున్నరు. నేను గూడ అది ఎందుకు తడిసి ఉన్నదో ఎన్నడు ఆలోచన చెయ్యలే.

అయితె గడ్డి మనిషికి తొడిగేటప్పుడు నువ్వు అంగిల మొఖం పెట్టింది...

వాసన సూసినవా?

అప్పుడే తెల్సా నీకు? అప్పుడే, ఆ పొద్దే? బూట్లు లేని సంగతి గూడ సూసినవా? అన్నీ తెలిసి, గడ్డి మనిషికి గుండీలు పెట్టినవా! బతికున్న కొడుక్కు పిండం పెట్టిచ్చి, నా పక్కన కూసొని, నా ఈపు నిమిరి, "ఏడ్వకు బిడ్డా, నీకు నేనున్న" అన్నవా!

ఎందుకు అత్తా? ఒక్కమాట అంటె అయిపోతుండె గదా!

నేను పోతననా?

నీ భయం అదా. కొడుకెట్లాగూ పోయిండు, నిజం బయటపడితె కోడలు గూడ పోతది, మనవరాలు పోతది, ఒక్కదాన్ని అయితననా. నిన్ను మోసం చేస్తున్న అనుకుంట నేను, నన్ను మోసం చేస్తున్న అనుకుంట నువ్వు. ఏడేండ్లు ఒక్క కంచంల తిన్నం. నేను నీ నిద్రల మాటలకు చెవులు పెట్టిన, ఏమన్న కలవరిస్తవేమో అని. నువ్వేమో నా అన్నలు వచ్చినప్పుడల్లా ఏదో పని పెట్టుకొని నా పక్కకెల్లి లేవకపోదువు. నన్ను కావలి కాస్తున్నదని తిట్టుకున్న నిన్ను. నిజంగనే కావలి కాసినవ్.

మరి ఇప్పుడు మూట ఎందుకు? రాజమ్మ కాడికి గాదంటవ్. ఇంకెవరి కాడికి?

ఉండు, నేనే సూస్త. అడ్డం రాకు. ఇంత తేలిక ఉందేంది? చీర సుట్టు, ఇంకో సుట్టు... ఇగో...

చెప్పులు.

ఆయన చెప్పులు గదా ఇవి! కాలవెట్టేటప్పుడు అంగితోపాటు వీటిని గూడ ఏసిన్రనుకున్న. ఎప్పుడు తీసి దాసినవ్? ఏడేండ్లు సందుక అడుగున ఉన్నయా?

దయ్యాల కాళ్లకు చెప్పుల్లేవంటవా?

అందుకా మూడుసార్లు తిప్పిచ్చినవ్! గా రాళ్ల మీద ఉత్తకాళ్లతోటి ఉరుకుతుండని, పడ్డప్పుడు దెబ్బ తాకిందేమో అని సూసినవా! నేను రాత్రంత ఏమేం అనుకున్ననో నీకు తెల్సా? పెద్దమనుషుల ముందర నేనేం మాట్లాడాల్నో గూడ అనుకొని పెట్టుకున్న.

మద్రాసు పోతవా? ఏడుందో తెల్సా నీకు మద్రాసు? సూర్యాపేట బస్సెక్కాలంటెనే బోర్డు సదవమని నన్ను పిలుస్తవ్. పోయి ఎవర్ని అడుగుతవ్, నాలుగో దయ్యం ఇల్లేడ అని అడుగుతవా? ఇంకా నవ్వుతున్నవ్. ఏడ్సుకుంట నవ్వుతున్నవ్. తుడుసుకో, సావిత్రి బడికెల్లి వచ్చే యాళ్లయింది. దానికి ఇప్పుడే జెప్పొద్దు. నిన్న అంత నవ్విన పిల్లకు, అది మీ నాయిన్నే బిడ్డా అని ఏ నోటితోటి జెప్పాలె?

పేరు రాలే గదా పాపం ఆయనకు. సినిమా అయిపోయినంక పేర్లు పడ్డయ్, నేను సదివిన. గబ్బిలం దారం పట్టినోని పేరు గూడ ఉన్నదేమో గానీ, ఆయనది లేదు. పేరొచ్చినంక వస్తనన్నడు. ఇగ రాడు.

ఇటియ్యి ఆ చెప్పులు. తోలు ఎండి పలిగింది సూడు. జర నూనె రాస్త. ఎందుకా? ఏమో, ఊకెనే. పలిగిన తోలు సూడబుద్ధి గాదు నాకు.

హీరాలాల్ పొద్దు గూకే యాళ్లకు వచ్చి మిషిన్ తీస్కపోతనన్నడు. ఇంకా టైముంది. కిటికీకి ఆ దుప్పటి కట్టు అత్తా. తలుపు గొళ్లెం పెట్టు. ఒక్కసారి పెట్టుకుందాం. నువ్వు కాళ్లు సూడు, దెబ్బ తాకిందో లేదో. నేను మొఖం సూస్త. నిన్న నేను మొఖం సూడనే లేదు.